పాలకూర స్మూతీ మూడు వారాలుగా తాగుతున్నా, గొంతు దిగట్లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

కూకట్‌పల్లి_కోడలు
పోయిన నెల రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది. డాక్టరుగారు ఐరన్ మాత్రలు రాశారు. అవి వేసుకుంటే మలబద్ధకం, కడుపులో తిప్పినట్టు ఉండటం. పది రోజులు చూసి ఆపేశాను. మా ఆడపడుచు, "పరగడుపున పాలకూర స్మూతీ తాగు వదినా, నెలలో రక్తం పడుతుంది" అంది. అప్పటి నుంచి రోజూ రెండు కట్టల పాలకూర, ఒక యాపిల్, గ్లాసున్నర నీళ్ళు, అన్నీ ఒకేసారి మిక్సీలో వేసి తిప్పుతున్నాను.

వచ్చేది ఎలా ఉంటుందంటే, పైన మూడు వేళ్ళ మందం నురగ, అడుగున పచ్చనీళ్ళు, మధ్యలో పళ్ళకు చుట్టుకునే పీచు. పచ్చి వాసన సరేసరి. మా ఆయన ఒక గుక్క తాగి గ్లాసు సింకు పక్కన పెట్టేశారు. మా బాబుకి ఆరేళ్ళు, వాడు మిక్సీ చప్పుడు వినగానే బాల్కనీలోకి పోతాడు. నాకేమో పదకొండు గంటలకల్లా కడుపు ఉబ్బరం. మానేయాలని లేదు. ఇంట్లో అందరూ తాగేలా ఎలా చేయాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

గుంటూరు_మిక్సీ_షాపు
అన్నీ ఒకేసారి వేయడమే మీ తప్పు. నీళ్ళు ఎక్కువైతే ఆకు బ్లేడుకు అందదు, తేలుతూ తిరుగుతుంది. గాలి కలిసి నురగ లేస్తుంది. పెద్ద జార్ వద్దు, చట్నీ జార్ తీసుకోండి. కాడలు తుంచేసి ఆకు మాత్రం వేయండి, రెండు మూడు చెంచాల నీళ్ళు చాలు. ముందు ఆగి ఆగి పల్స్ ఇచ్చి, తర్వాత ఒకటో నంబరు మీద గోరింటాకు ముద్దలా అయ్యేదాకా తిప్పండి. ఆ తర్వాత పండు, చివర్లో మిగతా నీళ్ళు. నీళ్ళు పోశాక పది సెకన్లకు మించి తిప్పొద్దు. గ్లాసులో పోసి రెండు నిమిషాలు ఆగితే ఉన్న కాస్త నురగ కూడా అణుగుతుంది.

ఐసు ముక్కలు వేసి తిప్పే అలవాటు ఉంటే మానండి. మా షాపుకి వచ్చే జార్లలో బుష్ (బ్లేడు ఇరుసును పట్టి ఉంచే రింగు) అరిగిపోయినవి, కప్లర్ (జార్ కింద మోటారుకు తగిలే చక్రం) పళ్ళు ఊడినవి ఎండాకాలంలోనే ఎక్కువ.

రావులపాలెం_రాజు
యాపిల్‌తో ఆ చిక్కదనం రాదండీ. అరటిపండు వేయండి. బాగా మగ్గిన చక్కెరకేళి ఒకటి వేస్తే పచ్చి వాసన సగం పోతుంది. తొక్క మీద నల్ల మచ్చలు పడిన పండు అయితే తేనె, బెల్లం అక్కర్లేదు. ముందు రాత్రే చక్రాలుగా కోసి డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో వేయండి. ఐసు లేకుండానే చల్లగా, వెన్నలా వస్తుంది. గట్టిగా ఉంటే ఐదు నిమిషాలు బయట పెట్టి వేయండి, లేకపోతే పై షాపు ఆయన నన్ను తిడతారు.

గుంటూరు_మిక్సీ_షాపు
ఐదు కాదు, పది నిమిషాలు పెట్టమనండి రాజుగారూ.

హాస్టల్_కుర్రాడు
నా దగ్గర మిక్సీ లేదు. కాఫీ కలుపుకునే చిన్న బ్యాటరీ బ్లెండర్‌తో అవుతుందా?

గుంటూరు_మిక్సీ_షాపు
@హాస్టల్_కుర్రాడు ఆకు నలగదు తమ్ముడూ. దాంతో మజ్జిగ చిలుక్కో.

వరంగల్_సిస్టర్
అందరూ మిక్సీ దగ్గరే ఆగిపోయారు. @కూకట్‌పల్లి_కోడలు, అమ్మా, మొదటి పేరా మళ్ళీ చదువుకోండి. 9.2కి మాత్రలు ఆపేసి పాలకూర తాగుతున్నారు. నాకు దాని మీదే టెన్షన్.

నేను పద్నాలుగేళ్ళుగా నర్సుగా చేస్తున్నాను. ఆడవాళ్ళకు 12 కంటే తక్కువుంటే రక్తహీనత అంటాం. 9.2 అంటే మధ్యస్థాయి. ఇది ఆకుతో మాత్రమే పూడేది కాదు. లెక్క చూడండి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళ లెక్క ప్రకారం ఆడవాళ్ళకు రోజుకు 29 మి.గ్రా. ఇనుము కావాలి. వంద గ్రాముల పాలకూరలో ఉండేది దాదాపు 3 మి.గ్రా. అందులోనూ ఆకులోని పాలీఫినాల్స్ లాంటి పదార్థాలు అడ్డుపడి ఒంటికి పట్టేది చాలా తక్కువ. ఐరన్ మాత్రలు చాలావాటిలో ఒక్కదాంట్లోనే 60 మి.గ్రా. ఇనుము ఉంటుంది.

మాత్ర పడకపోతే ఆపేయడం కాదు, వెళ్ళి ఆ మాట డాక్టరుకి చెప్పండి. మందు మారుస్తారు, రోజు విడిచి రోజు వేసుకోమంటారు, భోజనం తర్వాత వేసుకోమంటారు. దారులు చాలా ఉన్నాయి. అసలు రక్తం ఎందుకు తగ్గిందో కూడా చూడాలి. నెలసరి ఎక్కువ రోజులు అవుతోందా? కడుపులో నులిపురుగులు ఉన్నాయా? అవి చూసుకోకుండా ఎన్ని గ్లాసులు తాగినా చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే.

కూకట్‌పల్లి_కోడలు
సిస్టర్‌గారూ, నెలసరి ఏడెనిమిది రోజులు అవుతోంది, నిజమే. అది డాక్టరుకి చెప్పలేదు. ఈ శనివారం వెళ్తాను. స్మూతీ కూడా మానేయమంటారా?

వరంగల్_సిస్టర్
మానక్కర్లేదు. దాన్ని మందు అనుకోకుండా తిండి అనుకోండి. రోజూ రెండు కట్టల పచ్చి పాలకూర మాత్రం తగ్గించండి. దాని గురించి ఇక్కడ ఎవరో ఒకరు చెబుతారు.

కడప_బిడ్డ
నేను చెబుతాను. 2021లో నేను ఇలాంటి పనే చేశాను. బరువు తగ్గాలని పొద్దున పాలకూర రసం, సాయంత్రం పాలకూర, బీట్‌రూట్ కలిపి. నీళ్ళు మాత్రం సరిగా తాగేవాణ్ని కాదు. మా ఊరి ఎండ సంగతి మీకు తెలుసు కదా. ఐదో నెలలో ఒక రాత్రి నడుము పక్క నుంచి గజ్జల దాకా నొప్పి. నేల మీద దొర్లాను. స్కానింగ్‌లో 6 మిల్లీమీటర్ల రాయి. అది క్యాల్షియం ఆక్సలేట్ రాయని తర్వాత తెలిసింది. కిడ్నీలో వచ్చే రాళ్ళలో ఎక్కువ భాగం ఆ రకమేనట. పాలకూర, తోటకూర, బీట్‌రూట్, బాదం, అన్నిట్లోనూ ఆక్సలేట్లు (క్యాల్షియంతో కలిసి ఇలా రాళ్ళయ్యే పదార్థం) ఎక్కువే. నేను ఆరోగ్యం అనుకుని ఏరి ఏరి వాటినే తిన్నాను.

నా రాయికి పాలకూర ఒక్కటే కారణమని నేను అనను. మా నాన్నకూ రాళ్ళు వచ్చాయి. కానీ ఇంట్లో ఎవరికైనా రాళ్ళు వచ్చిన చరిత్ర ఉంటే రోజూ పాలకూర వద్దు.

డల్లాస్_దీప్తి
కడప బిడ్డగారు చెప్పింది నిజమే. 2018లో ఇక్కడి కిడ్నీ వైద్య పత్రికలో ఒక కేసు వచ్చింది. 65 ఏళ్ళ ఆవిడ పది రోజులు గ్రీన్ స్మూతీలతో శరీరం శుద్ధి చేసుకుందామని మొదలుపెట్టారు. ఆక్సలేట్ స్ఫటికాలు పేరుకుని కిడ్నీలు పూర్తిగా దెబ్బతిన్నాయి. అయితే ఆవిడకు అంతకుముందే బరువు తగ్గే ఆపరేషన్ అయింది, యాంటీబయాటిక్స్ కూడా చాలాకాలం వాడారు. మామూలుగా ఉన్నవాళ్ళు ఒక గ్లాసు తాగితే ఇలా అవుతుందని కాదు. డిటాక్స్ పేరుతో తిండి మానేసి వీటి మీదే ఉండటం మాత్రం చాలా తప్పు.

నేను ఆరేళ్ళుగా స్మూతీ తాగుతున్నాను, పొద్దున కారు నడుపుతూ తాగేయొచ్చని మొదలుపెట్టాను. ఒకే ఆకు వారమంతా వాడను. కేల్‌లో (క్యాబేజీ జాతి ఆకు) ఆక్సలేట్లు పాలకూరకంటే బాగా తక్కువ, అందుకని ఎక్కువ రోజులు అదే. మీకు అక్కడ కొత్తిమీర, పుదీనా చవక. లెట్యూస్ దొరికితే అదీ. ఇవి మార్చి మార్చి వాడండి.

పెద్దాయన_1956
ఇదంతా చదివాక ఒక మాట అడగాలనిపిస్తోంది. పాలకూర పప్పు ఉండగా ఈ పచ్చి ఆకు రుబ్బుకుని తాగడం ఎందుకమ్మా? మా అమ్మ తోటకూర పులుసు, మెంతికూర పప్పు, గోంగూర, బచ్చలి కంద, పొన్నగంటి వేపుడు, ఆషాఢంలో మునగాకు, ఇలా వారానికి ఐదు రోజులు ఆకుకూర పెట్టేది. నూనె తగిలేది, చింతపండు తగిలేది, కమ్మగా ఉండేది. నాకు 69 ఏళ్ళు, ఇవాళ్టికీ అదే తింటున్నాను.

వరంగల్_సిస్టర్
పెద్దాయనగారి మాటకు నా ఓటు. ఉడికించి నీళ్ళు వంచేస్తే ఆక్సలేట్లు చాలావరకు ఆ నీళ్ళతో పోతాయి. పప్పు మీద నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది. తాలింపు నూనె వల్ల ఆకులోని కెరోటిన్ ఒంటికి పడుతుంది.

డల్లాస్_దీప్తి
నేను ఒప్పుకోను సిస్టర్‌గారూ. ఆ వంచేసిన నీళ్ళతో విటమిన్ సి, ఫోలేట్ కూడా పోతాయి కదా. పైగా పప్పు ఉన్నా తినని ఇళ్ళు ఎన్ని లేవు? మా పిల్లలు పప్పులో ఆకు కనిపిస్తే కంచం అంచుకు తోసేస్తారు. మామిడిపండుతో తిప్పిన స్మూతీలో అదే ఆకు తాగేస్తారు. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినమన్నారు, ఆకుకూరలతో కలిపి. మనలో ఎంతమంది తింటున్నాం? పప్పు తినేవాళ్ళు పప్పు తినండి. తినలేనివాళ్ళకు ఇదొక దారి.

పెద్దాయన_1956
పిల్లలు తాగుతున్నారంటే సంతోషమేనమ్మా. ఆ మాట కాదనను.

షుగర్_సుబ్బారావు
పండ్లు కుమ్మరించకండి బాబూ. నేను గ్రీన్ స్మూతీ అని చెప్పుకుంటూ రెండు అరటిపండ్లు, నాలుగు ఖర్జూరాలు, చెంచా తేనె వేసుకునేవాణ్ని. తాగిన రెండు గంటలకు మీటర్లో 238. ఆకు పచ్చగా కనిపించేసరికి అందులో ఏముందో మర్చిపోయాను. ఇప్పుడు సగం జామకాయ (గింజలు తీసి), కీరదోస, ఆకు, పెరుగు, నానబెట్టిన సబ్జా. అదే టైముకి 150 దగ్గర వస్తోంది. ఎవరి ఒంటికి ఎంతో వాళ్ళే మీటరు పెట్టి చూసుకోవాలి. వడకట్టొద్దు. పీచు తీసేస్తే మిగిలేది పంచదార నీళ్ళే.

రావులపాలెం_రాజు
నేను ఒకటే అన్నాను సుబ్బారావుగారూ, అదీ చక్కెరకేళి!

షుగర్_సుబ్బారావు
మీది కాదులెండి, నా రెండు పండ్ల సంగతి చెప్పాను.

మిద్దెతోట_మాధవి
ఒక ముఖ్యమైన సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆకు కడగడం. వండేటప్పుడు వేడికి క్రిములు చస్తాయి. స్మూతీలో ఆ రక్షణ లేదు. మురుగునీటితో పండిన ఆకు పచ్చిగా తాగితే టైఫాయిడ్, అమీబియాసిస్, నులిపురుగులు, అన్నీ తయారు. హైదరాబాద్‌లో మూసీ నీళ్ళతో ఆకుకూరలు పండుతాయన్నది ఇక్కడివాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు.

నేను ఎలా కడుగుతానో చెబుతాను. కట్ట విప్పి వేళ్ళు కోసేసి, ఒక్కో ఆకు విడదీసి పెద్ద బేసిన్‌లో ముంచుతాను. చేత్తో కలిపి ఐదు నిమిషాలు కదపకుండా వదిలేస్తాను. ఆకు పైకి తేలుతుంది, మన్ను కిందికి దిగుతుంది. అప్పుడు ఆకును చేత్తో పైకి ఎత్తి తీయాలి. చాలామంది బేసిన్ వంచేస్తారు, దాంతో అడుగున దిగిన మన్నంతా మళ్ళీ ఆకు మీదే పడుతుంది. ఇలా మూడుసార్లు. మూడోసారి కూడా బేసిన్ అడుగున వేలితో రాస్తే ఇసుక తగిలితే నాలుగోసారి. చివర్లో తాగే నీళ్ళతో ఒకసారి. వానాకాలంలో అయితే మరిగే నీళ్ళలో ఒక నిమిషం ముంచి, వెంటనే చల్లనీళ్ళలో వేసి వాడతాను. రంగు ఇంకా బాగుంటుంది, పచ్చి వాసన పోతుంది.

వీలైతే మూడు కుండీల్లో పాలకూర, మెంతికూర, పుదీనా వేసుకోండి. పాలకూర నెల రోజుల్లో కోతకు వస్తుంది. మొదలు వదిలి పై ఆకులు కోసుకుంటే మళ్ళీ చిగురిస్తుంది.

వరంగల్_సిస్టర్
మాధవిగారి పోస్టు రెండుసార్లు చదవండి అందరూ. కడుపుతో ఉన్నవాళ్ళు పచ్చి ఆకు జోలికి పోవద్దు, ఆ నిమిషం ఉడికించే పద్ధతి అయినా సరే డాక్టరును అడిగాకే.

హాస్టల్_కుర్రాడు
సొరకాయ రసం కలిపితే బరువు తగ్గుతారని ఒక వీడియోలో చూశాను. నిజమేనా?

మిద్దెతోట_మాధవి
@హాస్టల్_కుర్రాడు బరువు సంగతి పక్కన పెట్టు తమ్ముడూ. సొరకాయ, కీరదోస పచ్చివి వాడేటప్పుడు ముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడాలి. చేదుగా ఉంటే మొత్తం పారేయాలి. ఆ చేదులో కుకుర్బిటాసిన్లు అనే విషం ఉంటుంది. చేదు సొరకాయ రసం తాగి వాంతులు, రక్తపు విరేచనాలతో ఆసుపత్రి పాలైనవాళ్ళు, చనిపోయినవాళ్ళు కూడా ఉన్నారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నిపుణుల బృందం కూడా చేదుగా ఉన్న రసం తాగొద్దని చెప్పింది. పండ్లు, తేనె కలిపితే చేదు నాలుకకు తెలియకుండా పోతుంది, అదే ప్రమాదం. అందుకే కలపకముందే రుచి చూడాలి.

హాస్టల్_కుర్రాడు
ఇది ఆ వీడియోలో చెప్పలేదు. థ్యాంక్స్ అక్కా.

తెనాలి_తనయ
మా నాన్నకు గుండె వాల్వు మార్చారు. రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రోమ్ వాడతారు. నేనే ప్రేమగా రోజూ కొత్తిమీర, పాలకూర స్మూతీ చేసి ఇచ్చాను. మూడు వారాల తర్వాత ఐఎన్ఆర్ (రక్తం ఎంత నెమ్మదిగా గడ్డకడుతోందో చెప్పే అంకె) 2.8 నుంచి 1.6కి పడిపోయింది. డాక్టరుగారు మొదట అడిగిన ప్రశ్న, "ఆకుకూరలు కొత్తగా ఏమైనా మొదలుపెట్టారా?" ఆకుల్లో విటమిన్ కె ఎక్కువ, అది ఆ మందుకు ఎదురు పనిచేస్తుందట. ఆకుకూరలు మానమని చెప్పలేదు, రోజూ ఒకే మోతాదులో తినమన్నారు, ఒక వారం బోలెడు, ఒక వారం సున్నా అన్నట్టు ఉండకూడదట. ఆ రోజు ఆసుపత్రి వరండాలో కూర్చుని ఏడ్చాను. ఇలాంటి మందులు వాడే పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే అడగకుండా మొదలుపెట్టకండి.

వరంగల్_సిస్టర్
@తెనాలి_తనయ మీరు టైముకి పరీక్ష చేయించారు కాబట్టే దొరికింది. అలాగే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు ఆకుల్లోని పొటాషియం సరిగా బయటికి పోక సమస్య. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు పరగడుపున మాత్ర వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంట ఆగాకే ఏదైనా తాగండి.

రావులపాలెం_రాజు
ఇంతకీ పెరుగు వేయాలా, నిమ్మకాయ పిండాలా? మా ఇంట్లో దీని మీద రోజూ గొడవ.

కడప_బిడ్డ
పెరుగు. నాకు డాక్టరు చెప్పింది అదే. పెరుగులో క్యాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టేసుకుంటుంది, కిడ్నీ దాకా రానివ్వదు. రాయి వచ్చిందని పాలు, పెరుగు మానేయడం పొరపాటని ఆయనే చెప్పారు.

డల్లాస్_దీప్తి
కానీ ఆ క్యాల్షియం ఇనుమును కూడా కొంత ఆపుతుంది. రక్తం తక్కువున్నవాళ్ళకు నిమ్మ, ఉసిరి, జామ మేలు. జామలో నిమ్మకంటే విటమిన్ సి ఎన్నో రెట్లు.

వరంగల్_సిస్టర్
ఇద్దరూ కరెక్టే. రాళ్ళ భయం ఉన్నవాళ్ళు పెరుగు. రక్తం తక్కువున్నవాళ్ళు నిమ్మ లేదా జామ, ఆకు కూడా పాలకూర కాకుండా ఆక్సలేట్లు తక్కువున్నది. తాగాక గంటదాకా టీ, కాఫీ వద్దు. ఐరన్ మాత్ర పెరుగుతో గానీ పాలతో గానీ వేసుకోవద్దు.

డల్లాస్_దీప్తి
@కూకట్‌పల్లి_కోడలు, అడిగింది మీరు, మేం ఎక్కడెక్కడికో పోయాం. ఇద్దరికి సరిపడా నేను చేసేది రాస్తున్నాను. గుప్పెడు ఆకు (పాలకూర అయితే పది పన్నెండు ఆకులు, అంతకంటే వద్దు), పుదీనా ఐదారు ఆకులు, ఫ్రీజర్‌లో పెట్టిన అరటిపండు ఒకటి, జామ లేదా మామిడి నాలుగు ముక్కలు, గోరంత అల్లం, నానబెట్టిన జీడిపప్పు నాలుగు, సగం నిమ్మకాయ, చిటికెడు ఉప్పు. ఉప్పు మర్చిపోకండి, ఆ చిటికెడుతో ఆకు చేదు విరుగుతుంది. నిమ్మరసం చివర్లో పిండి వెంటనే తాగాలి. పులుపు తగిలిన ఆకు సేపటికి గోధుమరంగుకు తిరుగుతుంది. బొప్పాయి, దానిమ్మ, బీట్‌రూట్ మాత్రం వద్దు. రుచికి బాగానే ఉంటుంది గానీ పచ్చ, ఎరుపు కలిసి బురద రంగు వస్తుంది, పిల్లలు ముట్టుకోరు.

మిద్దెతోట_మాధవి
తీపి ఇష్టం లేనివాళ్ళకు నాది: కీరదోస సగం, కొత్తిమీర గుప్పెడు, పుదీనా, చిన్న ఉసిరికాయ, చిక్కటి మజ్జిగ గ్లాసు, వేయించిన జీలకర్ర పొడి, ఉప్పు.

పెద్దాయన_1956
ఇది కొత్తిమీర మజ్జిగ కదమ్మా! దీనికి నేనూ సిద్ధం.

తెనాలి_తనయ
మునగాకు పచ్చిగా వేయొచ్చా? క్యాల్షియం చాలా ఉంటుందంటారు.

మిద్దెతోట_మాధవి
వంద గ్రాములకు 300 మి.గ్రా. పైనే ఉంటుంది. కానీ పచ్చిగా ఘాటు, చేదు, కడుపులో మంట కూడా. రెండు నిమిషాలు ఉడికించి రెండు చెంచాలు వేయండి. ఈనెలు ఒక్కటి కూడా ఉండకుండా దూయాలి, మిక్సీకి అవి నలగవు. మీ నాన్నగారికి మాత్రం డాక్టరును అడిగాకే.

కూకట్‌పల్లి_కోడలు
ఆరు వారాల తర్వాత వచ్చాను, ఆలస్యానికి ఏమీ అనుకోకండి. సిస్టర్‌గారు చెప్పినట్టు ఆ శనివారమే వెళ్ళాను. నెలసరి సంగతి చెబితే స్కానింగ్ రాశారు. గర్భాశయంలో చిన్న ఫైబ్రాయిడ్ (గడ్డ) ఉంది, దానికి మందులు ఇచ్చారు. ఐరన్ మాత్ర మార్చి రోజు విడిచి రోజు, రాత్రి భోజనమయ్యాక వేసుకోమన్నారు. ఈసారి పడింది. నిన్న పరీక్షలో 10.6. ఆ కాగితం చూసి ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాను. సిస్టర్‌గారూ, మీరు ఆ రోజు గట్టిగా చెప్పకపోతే నేను ఇంకా రెండు కట్టలు రుబ్బుతూ ఉండేదాన్ని.

స్మూతీ వారానికి నాలుగు రోజులు తాగుతున్నాం. పరగడుపున కాదు, ఇడ్లీతోపాటు చిన్న గ్లాసు. రెండు రోజులు కొత్తిమీర పుదీనా, ఒకరోజు లెట్యూస్, ఒకరోజు పాలకూర, అదీ మాధవిగారి నిమిషం పద్ధతిలో. కడుపు ఉబ్బరం పోయింది. మిగతా రోజులు పెద్దాయనగారి పప్పు. మొదటిసారి బేసిన్ అడుగున చూస్తే చెంచాడు మన్ను ఉంది. మూడు వారాలు అది తాగానన్నమాట. చట్నీ జార్ పద్ధతితో నురగ లేదు, పీచు లేదు. చక్కెరకేళి వేసిన రోజు మా బాబు దాన్ని "చిలక జ్యూస్" అని పేరు పెట్టి స్టీలు గ్లాసులో అడిగి పోయించుకుంటున్నాడు. మా ఆయన మాత్రం ఇంకా కొత్తిమీర మజ్జిగ దగ్గరే ఉన్నారు.

వరంగల్_సిస్టర్
10.6! చాలా సంతోషం తల్లీ. 12 దాటినా మాత్రలు వెంటనే ఆపొద్దు, నిల్వలు నిండాలి. ఇంకో రెండు మూడు నెలలు వాడమంటారు, వాడండి.

రావులపాలెం_రాజు
బాబుకి చెప్పండి, చిలకలకు జామకాయ కూడా ఇష్టమని.

కూకట్‌పల్లి_కోడలు
చెప్పాను రాజుగారూ, రేపటికి జామకాయలు తెచ్చాను. గుంటూరు అన్నయ్యగారూ, ఒక్క ప్రశ్న. చట్నీ జార్ కింద నుంచి రెండు రోజులుగా నల్లటి నీళ్ళు చెమ్మలా వస్తున్నాయి. ఏం చేయాలి?

గుంటూరు_మిక్సీ_షాపు
బుష్ దగ్గర సీలు పోయిందమ్మా. ఆ జార్ ఇక వాడకండి, ఆ నలుపు లోపల తిండిలోకి కూడా వస్తుంది. దగ్గర్లో రిపేరు షాపుకి తీసుకెళ్ళి బుష్, వాషర్ మార్చమనండి. పెద్ద పని కాదు, పావుగంటలో అయిపోతుంది.